అండమాన్‌లో ఫ్లై ఫిషింగ్: నేర్పేవాడు వేరు, చూపించేవాడు వేరు

అండమాన్ వెళ్లి ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవాలంటే ఎవర్ని పట్టుకోవాలి? ఈమధ్య తరచుగా వినపడుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లే. సీషెల్స్ ఇసుక మేటల మీద మోకాలి లోతు నీళ్లలో నిలబడి, సన్నటి రాడ్‌తో మనిషంత చేపల్ని ఆపుతున్న వీడియోలు చూసి ఉంటారు. అలాంటి చేపలే మన దేశంలో, చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు విమాన ప్రయాణంలో ఉన్నాయని తెలిసి ఉత్సాహపడతారు. దిగేది శ్రీ విజయపురంలో. 2024 సెప్టెంబరు దాకా ఆ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్, వాడుకలో చాలామందికి ఇప్పటికీ అదే. నెట్‌లో వెతికితే పడవల ఫొటోలు, చేపల ఫొటోలు, ‘కొత్తవాళ్లకూ స్వాగతం’ అన్న మాట కనపడతాయి. అడ్వాన్సు కట్టేస్తారు.

ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. లైన్ విసరడం నేర్పే మనిషి కావాలా, చేప ఉన్న చోటికి తీసుకెళ్లి చూపించే మనిషి కావాలా? మొదటివాడు గురువు, రెండోవాడు గైడ్. రెండు పనులూ వచ్చినవాళ్లు లేకపోలేదు గాని అరుదు. అండమాన్‌లో మరీ అరుదు. నా మట్టుకు నాకు తోచేది ఇది: గురువును ఇంటి దగ్గరే వెతుక్కోవాలి, గైడ్‌ను అండమాన్‌లో వెతుక్కోవాలి. ఆ గైడ్ ఏమేం చేయిస్తానంటున్నాడో వినడం కంటే దేనికి ససేమిరా అంటున్నాడో వినడం ముఖ్యం.

ముందు విసరడం సంగతి. మామూలు గాలానికి బరువు ఎరలోనో సీసపు గుండులోనో ఉంటుంది. విసిరితే ఆ బరువే తంగూసును లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు, తళుకు దారాలు కొక్కేనికి చుట్టి చేసిన ఎర. దానికి బరువుండదు. అందుకని బరువంతా లైన్‌లో పెట్టారు. పూత పూసిన ఆ లావుపాటి లైన్‌ను వెనక్కి విసరాలి, వీపు వెనక అది బారుగా సాగేదాకా ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు ముందుకు తోయాలి. కొత్తవాళ్లంతా తప్పేది ఆ ఆగడం దగ్గరే. తొందరపడితే లైన్ చివర కొరడాలా ఛెళ్లుమని ఫ్లై ఊడి ఎగిరిపోతుంది. మరీ ఆగితే లైన్ నేల మీద పడుతుంది. కండబలం ఉన్న మగవాళ్లు ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు, ఎందుకంటే ప్రతి తప్పునీ ఇంకాస్త బలం పెట్టి సరిదిద్దబోతారు. అమెరికాలో 1979లో భర్త లీ వుల్ఫ్‌తో కలిసి ఫ్లై ఫిషింగ్ బడి పెట్టిన జోన్ వుల్ఫ్ నొక్కి చెప్పిందీ బలం కంటే ఒడుపు ముఖ్యమనే. 1951లో మగవాళ్లతో పోటీపడి దూరం విసిరే పందెం గెలిచిన ఆమె పేరు, బలంతోనే పని అనుకునేవాళ్లకు ఒకసారి చెప్పడం మంచిది.

మన దేశంలో ఫ్లై ఫిషింగ్ కొండ ఏళ్లలో పుట్టింది. బ్రిటిష్ వాళ్లు తమ ఊళ్లోని ట్రౌట్ చేప లేకుండా ఉండలేక 1900లో కశ్మీర్‌కు దాని గుడ్లను ఓడ మీద తెప్పించారు. అంతకు ముందు ఏడాది పంపినవి దారిలోనే పాడయ్యాయి. ఆ తర్వాత నీలగిరుల్లో అవలాంచి దగ్గర హేచరీ వెలిసింది. మున్నార్ తేయాకు దొరలు తమకో సంఘం పెట్టుకున్నారు. హిమాచల్‌లో తీర్థన్ లోయ ఇప్పటికీ ఈ పనికి పేరున్న చోటు. వీటికి భిన్నంగా కావేరిలో మహసీర్ చేపకు పెద్ద గాలాలు వేసే సంప్రదాయం పెరిగింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లోనే ‘ద రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. కావేరి క్యాంపుల్లో ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లే తర్వాత గైడ్లయ్యారు. నది గురించి వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు మరి. తెలుగు నేలలో చల్లటి కొండ ఏళ్లు లేవు, ట్రౌట్ లేదు, దొరల సంఘాలూ లేవు. అందుకే కొర్రమీను పట్టే మొనగాడు ప్రతి మండలంలో ఉన్నా ఫ్లై లైన్ విసరడం చూపించే మనిషి దొరకడం కష్టం.

అయితే గురువును ఎలా గుర్తుపట్టాలి? సర్టిఫికెట్ చూడాలా అంటే, చూడాలి గాని దాని అర్థం తెలుసుకుని చూడాలి. ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ సంస్థ 1992 నుంచి కాస్టింగ్ బోధకులకు పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇస్తోంది. బ్రిటన్‌లోనూ ఇలాంటి సంఘాలున్నాయి. ఆ పరీక్షలో బాగా విసిరితే సరిపోదు. తప్పుగా విసిరి చూపించాలి, ఆ తప్పు ఎందుకొస్తుందో, ఎలా పోతుందో వివరించాలి. కాబట్టి ఆ పత్రం ఉన్నవాడికి నేర్పడం వచ్చని నమ్మొచ్చు. చేప ఎక్కడుందో తెలుసునని ఆ పత్రం చెప్పదు. పత్రం లేని మంచి గురువులూ ఉన్నారు. మొదటి గంటలోనే వాళ్లు తెలిసిపోతారు. ఆ గంటలో కొక్కెం కనపడదు, తంగూసు చివర చిన్న ఊలు ముక్క కట్టి ఉంటుంది. మీ రాడ్ లేని చేతి వైపు నిలబడతాడు. తల తిప్పి వెనక్కి వెళ్తున్న లైన్‌ను మీ కళ్లతో మిమ్మల్నే చూడమంటాడు. ఒకసారికి ఒకే తప్పు చెబుతాడు. మీ చేతిలోంచి రాడ్ లాక్కుని ఎనభై అడుగులు విసిరి చూపించి “ఇలా” అనేవాడు మంచి జాలరి కావచ్చు, అతని దగ్గర మీకు చదువు మాత్రం రాదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. వెర్మాంట్‌లో 1856లో మొదలైన ఆర్విస్ కంపెనీ దుకాణాల్లో కొత్తవాళ్లకు ఉచిత క్లాసులు చెబుతారు. 1959లో మిషిగన్‌లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థకు ఊరూరా శాఖలున్నాయి. సంక్రాంతి సెలవుల్లో ఇంటికొచ్చి అక్కడి నుంచి అండమాన్ వెళ్దామనుకునేవాళ్లు ముందు అమెరికాలోనే కొన్ని శనివారాలు ఈ క్లాసులకు ఖర్చుపెట్టడం మేలు. ఇక్కడున్నవాళ్లు హిమాచల్‌లో కొన్నాళ్లు నేర్చుకుని, తర్వాత తెల్లవారుజామున క్రికెట్ గ్రౌండులో సాధన చేసుకోవచ్చు. చెరువు గట్టున తిలాపియా మీద ప్రయత్నించవచ్చు, అది ఫ్లైని బాగానే అందుకుంటుంది.

ఒక చిక్కుంది. ట్రౌట్ గురువు నేర్పే ఒక అలవాటు సముద్రంలో కొంప ముంచుతుంది. ఏటిలో చేప ఫ్లైని అందుకోగానే రాడ్ పైకెత్తాలి. సముద్రంలో అలా ఎత్తితే గట్టి నోటి చేపకు కొక్కెం దిగదు, ఫ్లై నీళ్లలోంచి ఎగిరి బయటపడుతుంది. రాడ్ నీటి వైపే చూపిస్తూ ఎడమ చేత్తో లైన్‌ను బలంగా గుంజాలి. చేతికి ఎక్కిన అలవాటు పెద్ద చేప కనపడగానే బుర్రను లెక్కచేయదు. అందుకని గురువుకు ముందే చెప్పాలి: “నేను వెళ్లేది ఉప్పునీటికి. లైన్ గుంజి కొక్కెం దించడం, రెండో చేత్తో లైన్ లాగి వేగం పెంచడం, ఎదురుగాలిలో విసరడం నేర్పండి.” వీటి గురించి అడిగితే మొహం చిట్లించే గురువు దగ్గర మొదటి పాఠాలు నేర్చుకుని మరొకరిని వెతుక్కోవడమే దారి.

ఇక అండమాన్. ఇక్కడి గేమ్ ఫిషింగ్ అంతా ఒక చేప చుట్టూ అల్లుకుంది. జెయింట్ ట్రెవల్లీ, ముద్దుగా జీటీ. మన తీరంలో పార అని పిలిచే కుటుంబానికి పెద్దన్న. 2006లో జపాన్‌లో గాలానికి పడ్డ జీటీ 72.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డయింది. ఎగిరే పక్షిని గాల్లోకి లేచి మింగే చేపగా 2017లో బీబీసీ ‘బ్లూ ప్లానెట్ 2’ దీన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. ఆ దృశ్యం సీషెల్స్‌ది. అండమాన్‌కు దీనికోసం వచ్చేవాళ్లు ఎక్కువగా బరువైన స్పిన్నింగ్ సామాను తెస్తారు. రాళ్ల మీద అలలు విరిగే చోట అరచేయంత పాపర్‌ను విసిరి, నీటి మీద బుడుంగు బుడుంగుమని లాగడం పాపింగ్. లోతు నీళ్లలోకి లోహపు ఎర దించి ఎగరేయడం జిగ్గింగ్. ఇక్కడి గైడ్లలో చాలామంది ఈ రెంటిలో ఆరితేరినవాళ్లు. వాళ్ల అనుభవం గట్టిది. అదే అనుభవం ఫ్లైకి నేరుగా పనికొస్తుందనుకోవడం పొరపాటు. పాపింగ్ పడవ చేపకు అరవై డెబ్భై మీటర్ల దూరంలో ఆగుతుంది. కొత్తగా ఫ్లై విసిరేవాడికి పన్నెండు మీటర్లే ఎక్కువ.

గైడ్ పేజీలో ఫొటోలు చూసేటప్పుడు చేపను వదిలేసి రీల్ చూడండి. ఫ్లై రాడ్‌కు రీల్ చేతిపట్టు వెనక, రాడ్ మొదట్లో ఉంటుంది. స్పిన్నింగ్ రాడ్‌కు చేతి కిందే వేలాడుతూ పెద్దగా కనపడుతుంది. అన్ని ఫొటోల్లోనూ రెండో రకమే ఉంటే అతను ఫ్లై గైడ్ కాడు. కాడని కొట్టిపారేయక్కర్లేదు. “ఫ్లై వేసేవాళ్లకు టీజింగ్ చేశారా?” అని అడగండి. కొక్కేలు తీసేసిన పాపర్‌ను గైడ్ దూరంగా విసిరి, జీటీని రెచ్చగొట్టి, పడవ దగ్గరిదాకా వెంటపెట్టుకొస్తాడు. చివరి క్షణంలో పాపర్‌ను నీళ్లలోంచి ఎత్తేస్తే, కోపంతో వెతుక్కుంటున్న చేప ముందు మీరు ఫ్లై వేయాలి. ముప్పై నలభై అడుగులు విసిరితే చాలు. అంటే అండమాన్ గైడ్‌కు బాగా వచ్చిన విద్య, కొత్తవాడికి బొత్తిగా రాని విద్య ఇక్కడ సరిగ్గా అతుకుతాయి. ఫ్లై ఎప్పుడూ పట్టుకోకపోయినా ఈ పని ఇష్టంగా చేసే పాపింగ్ గైడ్, ఫ్లై గైడ్‌నని బోర్డు కట్టుకున్నవాడి కంటే మీకు ఎక్కువ పనికొస్తాడు.

పడవలో గైడ్ ఒక్కడే ఉండడు. చుక్కాని దగ్గర సరంగు ఉంటాడు. మన సమీక్షలన్నీ గైడ్ పేరు చెప్పి సరంగును మరిచిపోతాయి. కుడిచేతివాటం మనిషి పడవ ముక్కు మీద నిలబడి విసురుతుంటే, గాలి కుడి భుజం వైపు నుంచి వీచిందంటే కొక్కెం పడవలో ఉన్నవాళ్ల చెవుల పక్క నుంచి పోతుంది. మంచి సరంగు అడక్కుండానే పడవను తిప్పి గాలిని ఎడమ భుజానికి తెస్తాడు. కొత్తవాడి కాస్ట్ ఇరవై అడుగులు పెరిగినట్టనిపించేది ఆ తిప్పడంతోనే. లైన్ కుప్పగా పోసే చోట తాడు కట్టే కొక్కేలు గట్రా లేకుండా తడి గుడ్డ పరుస్తాడు. ఇవి నేర్పితే వచ్చేవే. నేర్పారా లేదా అన్నదే అడగాలి.

ఈ సరంగుల్లో, డోంగీలనే చిన్న పడవలు నడిపేవాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1950ల్లో దీవుల యంత్రాంగం కేరళ నుంచి, ఆంధ్ర నుంచి జాలరి కుటుంబాలను తెచ్చి ఇక్కడ స్థిరపరిచింది. ఆ తర్వాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బంధువుల వెనక బంధువులు వచ్చారు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనంలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. శ్రీ విజయపురంలో జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నిలబడితే ఉత్తరాంధ్ర యాస వినడానికి ఎక్కువసేపు పట్టదు. ఉత్తరాన మాయాబందర్ వైపు కరెన్‌లు, 1925లో బర్మా నుంచి వచ్చినవాళ్ల సంతతి, అడవీ సముద్రమూ చదివిన మనుషులు. బెంగాలీ పడవవాళ్లు సరేసరి. తెలుగు సరంగు దొరికితే ఒక సౌకర్యం ఉంది. గైడ్ ఇంగ్లీషులో “కండిషన్స్ బాగా లేవు” అని చెప్పేదాన్ని అతను “పాటు తీసేస్తోంది బాబూ, ఇంకో గంటాగితే రాళ్లు పైకొచ్చేస్తాయి, ఇప్పుడే బయటపడదాం” అని చెబుతాడు. రెండో మాటలో ఎంత సమాచారం ఉందో చూడండి. ఇంకో సంగతి. అమ్మడానికి చేపలు పట్టిన కుటుంబంలో పుట్టిన మనిషి, పట్టిన చేపను ముద్దు చేసి నీళ్లలో వదిలే మన వేడుకను లోలోపల నవ్వుకుంటూ చూస్తుంటాడు. వంటకు ఒకటి ఉంచుకోవచ్చా లేదా అన్నది రేవులోనే మాట్లాడుకుంటే పడవ మీద మొహాలు ముడుచుకోవు.

నీళ్ల గురించి ఒక్క మాటలో తేలదు. 2004 డిసెంబరు 26 భూకంపం ఈ దీవులను ఒక పక్క ఎత్తి, ఒక పక్క కుంగదీసింది. ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ వైపు పడమటి తీరం సుమారు మీటరు పైకి లేచింది, పగడపు దిబ్బలు ఎండలోకి వచ్చి చచ్చిపోయాయి. దక్షిణాన శ్రీ విజయపురం పరిసరాలు దాదాపు అంతే కుంగాయి. సిప్పీఘాట్‌లో వరిచేలు పోటు నీళ్లు వచ్చిపోయే బురద మడుగులయ్యాయి, ఇవాళ అక్కడ పక్షుల్ని చూడ్డానికి వెళ్తారు. నికోబార్ చివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, లైట్‌హౌస్ కాళ్లు సముద్రంలో పడ్డాయి. అంటే పాత చార్టు చూసి, పాత పుస్తకం చదివి ఇక్కడ రాళ్ల లోతు చెప్పలేరు. పున్నమి, అమావాస్య రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం రెండు మీటర్లు తేడా వస్తుంది. పడవ అడుగుకు రెండు మీటర్లంటే చాలా ఎక్కువ. కొత్త గైడ్‌ను పరీక్షించడానికి నాకు నచ్చిన ప్రశ్న ఒకటుంది: “మనం వెళ్లే రోజు పోటు ఎన్నింటికి నిండుతుంది, ఆ వేళకు మనం ఎక్కడుంటాం?” తిథి చూసి లెక్క చెప్పేవాడు, టేబుల్ తీసి చూపించేవాడు ఇద్దరూ సరే. “అదంతా మేం చూసుకుంటాం సార్” అనేవాడితో జాగ్రత్త.

సీషెల్స్ వీడియోలతో అసలు తగువు ఇక్కడుంది. అక్కడ నీళ్లలో దిగి నడుస్తారు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. మడ అడవుల కాలువల్లోనే ఉంటాయనుకునే రోజులు పోయాయి. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్‌లో, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, నీల్స్ కోవ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికన్ యువతిని మొసలి చంపింది. వండూరు లాంటి చోట్ల తీరం వెంట హెచ్చరిక బోర్డులుంటాయి. చీకటి పడుతుండగా కాలువ నోటి దగ్గర నడుము లోతులో నిలబడి లైన్ విసరడం చేపలకు మంచి వేళే, మొసలికీ మంచి వేళే. ఫొటో కోసం దింపే గైడ్, మొసలి గురించి అడిగితే నవ్వేసే గైడ్ ఎంత పేరున్నవాడైనా వద్దు. నడవనిచ్చే చోట్లు అసలు లేవని కాదు. ఎక్కడ, ఎన్నింటికి, ఎంతసేపు అన్నది అతనే ముందు చెప్పాలి. అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవమని, గట్టి అడుగున్న బూట్లు తెచ్చుకోమని కూడా అతనే చెప్పాలి. ఇసుకలో పడుకున్న టేకు చేప ముల్లు, రాతి చేప ముల్లు చెప్పులో నుంచి దిగుతాయి.

చట్టం దగ్గరికొస్తే కొత్తవాళ్లు గైడ్ మీద పూర్తిగా ఆధారపడతారు, కాబట్టి గైడ్ గుణం బయటపడేదీ ఇక్కడే. వండూరు దగ్గర 1983లో ఏర్పడ్డ మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం, హేవ్‌లాక్ పక్కన 1996లో ఏర్పడ్డ రాణీ ఝాన్సీ ఉద్యానం, ఈ రెంటిలోనూ చేపలు పట్టకూడదు. మంచి జీటీ రాళ్లలో కొన్ని ఆ గీతకు ఇవతల, కొన్ని అవతల ఉంటాయి. గీత నీటి మీద కనపడదు. గైడ్ జీపీఎస్‌లో అది కనపడాలి. పడమటి తీరాన జరావా తెగవాళ్ల రిజర్వు ఒడ్డుతో ఆగదు, సముద్రంలోకీ సాగుతుంది. నికోబార్ దీవులకు గిరిజన పాస్ లేకుండా బయటివాళ్లు వెళ్లకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ఈ గిరిజన ప్రాంతాల ఆంక్షలకు మూలం. బయటివాళ్లను దగ్గరికి రానివ్వని తెగ ఉండే ఉత్తర సెంటినెల్ దీవి సంగతి అందరికీ తెలిసిందే గాని పడవవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. 2006లో ఆ ఒడ్డుకు కొట్టుకుపోయిన ఇద్దరు జాలరులు చనిపోయారు. 2018 నవంబరులో అక్కడికి వెళ్లి చనిపోయిన అమెరికన్‌ను తీసుకెళ్లిన జాలరులు జైలుకెళ్లారు. 2025లో మరో విదేశీయుడు ఆ ఒడ్డున కొబ్బరికాయ, కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. వీడియో కోసం ఎవడో పడే ముచ్చటకు మూల్యం కట్టేది పడవవాడు. “కొంచెం డబ్బిస్తే అటు కూడా” అనే మాట ఏ దీవి గురించి వినపడినా అక్కడే ఆ సంభాషణ ముగించండి. అలా అన్నవాడు రేపు మిమ్మల్నీ అలాగే వదిలేస్తాడు.

చిన్న చిన్న చట్టాలు కూడా ఉన్నాయి. రాక్షస గ్రూపర్, తిమింగిల సొర, నీటి గుర్రాల్లాంటివి 2001లో వన్యప్రాణి రక్షణ చట్టంలోకి వచ్చాయి. ఫ్లైకి గ్రూపర్లు పడుతూనే ఉంటాయి, ఏది ఏదో గైడ్‌కు తెలియాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో, అండమాన్ సహా, యాంత్రిక పడవల వేటకు విరామం ఉంటుంది. ఆ రోజుల్లో బుకింగ్ తీసుకుంటున్న మనిషిని తన పడవకు అది ఎలా వర్తిస్తుందో కాగితం చూపించి చెప్పమనాలి. మత్స్యశాఖ లైసెన్సు, పడవ రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు అడగడం అవమానం కాదు. అసలైన గైడ్లు అడగకముందే పంపుతారు. విదేశాల నుంచి వచ్చే మిత్రుడు శాటిలైట్ ఫోన్, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి తెచ్చుకుంటే మన దేశంలో అనుమతి లేకుండా అవి నేరం. ఈ మాట ముందే చెప్పే గైడ్‌కు బోలెడు మార్కులు. పడవలో వీహెచ్ఎఫ్ రేడియో ఉందా, చానెల్ 16 మీద ఎవరు వింటారు, కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఎవరి ఫోన్లో ఉంది అన్నవి రెండు నిమిషాల ప్రశ్నలు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడం మీరే చేయొచ్చు.

కొక్కేల సంగతి కాస్త దగ్గరగా చూడాలి. ఫ్లై కొక్కేనికి మొన పక్కన వెనక్కి వంగిన ముల్లు ఉంటుంది, చర్మంలో దిగితే వెనక్కి రానివ్వదు. కొత్తవాడు విసిరే పడవలో ఆ ముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేయాలి. అయినా దిగిందనుకోండి. తెలిసిన గైడ్ చేసేది ఇది: కొక్కెం వంపులో ఒక దారపు ఉచ్చు వేసి చేతికి చుట్టుకుంటాడు, రెండో చేతి వేలితో కొక్కెం కన్నును చర్మం మీదికి గట్టిగా నొక్కుతాడు, మిమ్మల్ని ఏదో అడుగుతూ ఉచ్చును ఒక్క ఉదుటున వెనక్కి లాగుతాడు. కొక్కెం దూరంగా ఎగిరిపడుతుంది. కంటి దగ్గరైతే తాకడు, కట్టుకట్టి ఒడ్డుకు తెస్తాడు. గంటల తరబడి ఆస్పత్రికి దూరంగా ఉండే చోట ఇది పెద్ద సంగతి. “కొక్కెం దిగితే ఏం చేస్తారు?” అని ఫోన్లో అడగండి, చేతులు కదుపుతూ చెబుతున్నట్టు గొంతులోనే తెలుస్తుంది. రంగు కళ్లద్దాలు, టోపీ లేనివాళ్లను పడవ ముక్కు ఎక్కనివ్వనివాడిని చూసి చిరాకు పడకండి.

అతను అడిగే ప్రశ్నలూ లెక్కలోకే వస్తాయి. ఎంత దూరం విసరగలరు, ఈత వచ్చా, సముద్రం పడుతుందా, ఎడమచేతివాటమా, మందులేమైనా వాడుతున్నారా అని అడగకుండా నేరుగా డబ్బు దగ్గరికి వెళ్లేవాడికి మీరు ఒక సీటు మాత్రమే. బారెన్ దీవి ప్యాకేజీ అంటగట్టేవాణ్ణి కూడా నేను అనుమానిస్తాను. మన దేశంలో రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం, శ్రీ విజయపురానికి సుమారు 140 కిలోమీటర్ల దూరం, చూడదగ్గదే. కానీ చుట్టూ లోతు సముద్రం, అది జిగ్గింగ్ చేసేవాళ్ల రాజ్యం. ఫ్లై రాడ్ పట్టిన కొత్తవాడికి ఆ ప్రయాణంలో ఒళ్లు నొప్పులు మిగులుతాయి. మొదటి పొద్దు దగ్గరి రాళ్ల దగ్గర తోలుపార, చిన్న పార, బారకూడాలతో చేయి తిరగనిచ్చి, రెండో రోజు జీటీ మాట ఎత్తేవాడు మీ మనిషి. జీటీకి వాడే పన్నెండో నంబరు రాడ్ బరువుకు అలవాటు లేని భుజం పొద్దున్న తొమ్మిదికే అయిపోతుంది. తేలికైన ఎనిమిదో నంబరు రాడ్ ఒకటి పడవలో ఉంచుతాడా అని అడగండి.

డబ్బు విషయంలో ఒక్కటే చెబుతాను. పడవ ఖర్చు తలా కొంత పంచుకునే ఏర్పాటు పాపింగ్‌కు బాగుంటుంది, ముగ్గురు ఒకేసారి విసరొచ్చు. ఫ్లైకి పడవ ముక్కు ఒక్కటే, ఒకసారికి ఒక్కడే. పరిచయం లేని ఇద్దరు పాపింగ్ మనుషులతో కలిపి చౌకగా సీటిస్తామంటే, రోజులో మీ వంతు ఎంతసేపో ముందే రాయించుకోవాలి. గాలి ఎక్కువై పడవ కదలకపోతే డబ్బు సంగతేమిటో కూడా అప్పుడే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా సముద్రం మెత్తగా ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో ఈశాన్య గాలి కొన్ని రోజులు తినేస్తుంది. గాలి రోజున రేవు పక్కన మైదానంలో మీ కాస్ట్ సరిచేస్తూ గంట గడిపే గైడ్ ఉంటే ఆ రోజుకు డబ్బిచ్చినా నష్టం లేదు.

ఇక టికెట్లు కొనేసి, నలభై అడుగులు విసరడం ఇంకా రానివాళ్ల సంగతి. అలాంటివాళ్లు గైడ్‌కు ఉన్నమాట చెప్పేయడం మంచిది. పొద్దున్న గైడ్ ఇచ్చే స్పిన్నింగ్ రాడ్‌తో పాపర్ విసిరి, జీటీ ఎలా లేస్తుందో కళ్లారా చూడండి. నీళ్లు నిమ్మళించిన వేళ పడవ ముక్కు మీద గంటసేపు ఫ్లై వేయండి, పడినా పడకపోయినా. మధ్యాహ్నం సరంగు చేతి గాలం దించి ఎర్ర చేపలు లాగుతుంటే పక్కన కూర్చోండి. తంగూసు వేలి మీద ఎలా ఆనించాలో, చిన్న కొరుకుడుకీ రాయి తగలడానికీ తేడా ఎలా తెలుస్తుందో అతను చూపిస్తాడు. అండమాన్‌లో సాయంత్రం ఐదుకే పొద్దు వాలుతుంది కాబట్టి నాలుగింటికల్లా పడవ తిప్పుతాడు. ఇంకో అరగంట ఉందామని బతిమాలినా తిప్పుతాడు.